ఫాంటు లేని చోట

మా మేనత్తకు విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి ముందుగదే డీటీపీ సెంటరు. ముప్పయ్యేళ్లుగా అక్కడే కూర్చుని శుభలేఖలు, కరపత్రాలు, శతకాలు, సిద్ధాంత గ్రంథాలు, దశదిన కర్మ కార్డులు కొడుతోంది. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తాను. ఖాళీ దొరికితే కంప్యూటరు విప్పి బిగించడం, కొత్త సాఫ్ట్‌వేరు ఏది వచ్చినా వేసి చూడడం నాకు ప్రాణం. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి గడువు తీరింది. వారం తిరక్కముందే దీపావళి. అరచేతిలో పట్టేంత కొత్త కంప్యూటరు ఒకటి సంచిలో పెట్టుకుని అత్త దగ్గరికి వెళ్లాను. పండగ రెండు రోజులూ వాదించుకున్నాం. గుర్తున్నంతలో ఆ మాటలివి.

పొద్దున్నే అత్త కంప్యూటరు వేసింది. తెర మీద నల్లటి పేజీ వచ్చి ఆగింది. ఎఫ్1 నొక్కి లోపలికి వెళ్లి, 2003 జనవరి 1 అని ఉన్న తేదీని దిద్దింది.

నేను: రోజూ ఇంతేనా అత్తా?

అత్త: మూడు నెలల్నుంచి ఇంతే. దీపం పెట్టి, దీని తేదీ దిద్ది, పనిలో పడతాను. అంతకు మించి దీనికి ఏ రోగమూ లేదు.

నేను: ఇది రోగం కూడా కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. కరెంటు తీసేసినా లోపలి గడియారం నడిచేది దాని మీదే. అది అయిపోయింది. గడియారాల కొట్లో దొరుకుతుంది, సాయంత్రం వేస్తాను. కానీ నేను వచ్చింది బ్యాటరీ కోసం కాదు. దీన్ని మార్చేద్దామని.

అత్త: ఎందుకు మార్చాలి? 2004 కృష్ణా పుష్కరాలకు ముందు కొన్నాను. ఆ పన్నెండు రోజులకూ ఘాట్ల కరపత్రాలన్నీ దీని మీదే చేశాను. 2016 పుష్కరాలకూ ఇదే. రెండు పుష్కరాలు చూసిన మనిషిని ఇంట్లోంచి పంపేస్తామా?

నేను: ఇందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. 2001లో వచ్చింది. 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ దానికి భద్రతా సవరణలు ఆపేసింది. తర్వాత నాలుగు మెట్లు ఎక్కితే వచ్చే విండోస్ 10కే పోయిన వారం గడువైపోయింది.

అత్త: ఆ సవరణలు దేనికి ఇస్తారు?

నేను: బయటివాళ్లు దూరే కంతలు పూడ్చడానికి.

అత్త: మరి దీనికి బయటికి దారే లేదు కదరా. ఇంటర్నెట్ తీగ ఒక్కనాడూ తగిలించలేదు. మ్యాటరు వాట్సాప్‌లో వస్తే ఫోన్లో చూసి కొడతాను. ప్రూఫు కాగితం మీద ఇస్తాను. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవులు దీనికి పెట్టనివ్వను. మీ వదిన ల్యాప్‌టాప్‌లో తెరిచి, కావలసిన ముక్క ఒక్కటీ నా పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంటాను.

ఇక్కడ నాకు మాట తోచలేదు. ముఖ్యమైన కంప్యూటర్లను నెట్‌కు తగలకుండా విడిగా ఉంచడం పెద్ద పెద్ద సంస్థలు కావాలని పాటించే పద్ధతి. ఎవరూ నేర్పకుండానే అత్త ఇరవై ఏళ్లుగా దాన్ని పాటిస్తోంది. పాత వస్తువును వదలని వాళ్లంతా భయం వల్లో బద్ధకం వల్లో అలా ఉంటున్నారని మాలాంటివాళ్లం అనుకుంటాం. ఆ అంచనా చాలాసార్లు తప్పు.

నేను: సరే, దొంగ రాడు. లోపలి హార్డ్ డిస్కు సంగతేమిటి? దాని పళ్లేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. ఇరవై ఒక్కేళ్లుగా తిరుగుతున్నాయి. రేపు పొద్దున తిరగనంటే?

అత్త: సీడీల్లో ఉన్నాయి అన్నీ. బీరువాలో సంవత్సరాల వారీగా పెట్టాను.

నేను: రాత్రి వాటినే చూశాను. ఐదు తీస్తే రెండు చదవలేదు. మనం రాసుకునే సీడీలో సమాచారం నిలిచేది ఒక రంగు పొర మీద. ఎండకూ ఉక్కకూ ఆ పొర పోతుంది. బెజవాడ వేసవులు ఇరవై దాటాయి.

అత్త: ఏవి చదవలేదు?

నేను: 1998, 2001.

అత్త కుర్చీలో కాస్త వెనక్కి జరిగింది. చాలాసేపు ఆ రెండు సీడీలూ వెలుతురుకు పెట్టి చూసింది. తర్వాత నా సంచి వైపు చూసింది.

అత్త: నీ కొత్తదాంట్లో పేజ్‌మేకర్ ఉంటుందా?

నేను: అడోబీ 2001లో 7.0 ఇచ్చాక పేజ్‌మేకర్‌ను ఇక ముందుకు తీసుకుపోలేదు. దాని చోట ఇన్‌డిజైన్ వచ్చింది. 2013 నుంచి వాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్లను చందా పద్ధతిలోకి మార్చారు. నెలకో ఏడాదికో కడుతుండాలి.

అత్త: ఆషాఢంలో కూడానా?

నేను: ఆషాఢమేమిటి?

అత్త: ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. మూఢమొస్తే రెండేసి నెలలు ఒక్క శుభలేఖ రాదు. ఆ నెలల్లో నేను ఈ గదిలో ఊరికే కూర్చుంటాను. ఊరికే కూర్చున్నా దీనికి తిండి ఖర్చు లేదు. డబ్బు కట్టి కొన్నాను, నాదైంది. కట్టడం మానిన నెల నా పని నాకే తెరుచుకోదంటే నేను అద్దెకున్నట్టు కదా? సొంత ఇల్లు ఖాళీ చేసి అద్దెకు వెళ్లమంటావేంరా?

నేను: సాఫ్ట్‌వేరు ఒకసారి రాసి పక్కన పెట్టేది కాదత్తా. కొత్త ప్రింటరు వస్తుంది, కొత్త ప్రాసెసరు వస్తుంది, కంతలు బయటపడుతుంటాయి. రోజూ కూర్చుని సరిచేసేవాళ్లకు జీతాలు రావాలి. నేనూ ఆ జీతం మీద బతుకుతున్నవాణ్నే.

అత్త: ఇవ్వొద్దన్నానా? కొత్తది బాగుంటే కొంటాను. కొన్నది నా దగ్గర ఉండనివ్వమంటున్నాను.

నేను: అందుకు నా దగ్గర దారి ఉంది. చందా లేనివి ఉన్నాయి. దీంట్లో లినక్స్ మింట్ వేశాను. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ మీద కట్టిన ఇల్లది. రాతకు లిబ్రెఆఫీస్, పేజీ పెట్టడానికి స్క్రైబస్. ఏదీ నెలనెలా డబ్బడగదు. ఎవరో ఆపేద్దామనుకున్నా ఆగదు, లోపలి రాత అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి. స్క్రైబస్ 1.6 వచ్చాక తెలుగు వత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చుంటున్నాయి.

అత్త: పేజ్‌మేకర్ అంత చురుగ్గా ఉంటుందా?

నేను: ఉండదు. నీ చేతి వేగానికి మొదట్లో విసుగ్గానే ఉంటుంది.

అత్త: ఆ మాట నిజం చెప్పావు. ఇక అక్షరం చూపించు.

అచ్చు పని చేసేవాళ్లు యంత్రాన్ని చూసేది చివర. ముందు అక్షరం చూస్తారు. గోడ మీద తను చేసిన ఒక శతకం ముఖచిత్రం అతికించి ఉంది. దాని పక్కన నా తెర పెట్టి చూసింది.

అత్త: ఫోన్లో వచ్చే తెలుగు ఎక్కడ చూసినా ఒకటే ముఖం. తలకట్టు చూడు, ఎవరికైనా ఒకటే. నా దగ్గర వందకు పైగా ఫాంట్లున్నాయి. శుభలేఖకు ఒకటి, కర్మ కార్డుకు ఒకటి. పెళ్లివారి పేర్లకు పెట్టిన అక్షరం చావు కబురుకు పెట్టం.

నేను: ఒకప్పుడు అంతే. ఎక్స్‌పీలో యూనికోడ్ తెలుగు అంటే గౌతమి ఒక్కటే. ఇప్పుడలా కాదు. సిలికానాంధ్ర వాళ్లు వరసగా యూనికోడ్ ఫాంట్లు చేయించి ఎవరైనా వాడుకోమని వదిలేశారు. సురవరం, మండలి, గురజాడ, గిడుగు, రామభద్ర, ధూర్జటి. ఇవిగో.

అత్త: (ఒక్కోటీ పెద్దది చేసి చూస్తూ) రామభద్ర శీర్షికకు బాగుంది. గురజాడలో వత్తు కాస్త కిందికి పోయింది, వరసల మధ్య ఎడం పెంచుకోవాలి. మండలి వచనానికి పనికొస్తుంది. సరే, ఉన్నాయి. నావి మాత్రం ఎందుకు వదలాలి?

నేను: నీ పెన్‌డ్రైవు ఇటివ్వు.

ఆమె ఇచ్చింది. అందులో ఉన్న శతకం టెక్స్ట్‌ను నా కంప్యూటర్లో తెరిచాను. తెర నిండా డిగ్రీ గుర్తులు, పౌండు గుర్తులు, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న యూరపు అక్షరాలు. ఒక్క తెలుగు అక్షరం లేదు.

అత్త: ఫాంటు వేయలేదు నువ్వు. వేస్తే వస్తుంది.

నేను: వేస్తే వస్తుంది. వేయకపోతే ఇదే. అసలు లోపల ఉన్నది ఇదే అత్తా! నువ్వు కొట్టింది తెలుగు, కంప్యూటరు దాచుకున్నది మాత్రం ఈ గుర్తుల్ని. పాత ఫాంట్లలో 256 గడులే ఉండేవి. యూరపు అక్షరం ఉండాల్సిన గడిలో తలకట్టునూ, గుడినీ, వత్తునూ ముక్కలు ముక్కలుగా పెట్టారు. కంటికి తెలుగు కనబడుతుంది. ముసుగు తీస్తే ఇదీ. పైగా ఒక్కో ఫాంటు కంపెనీ ముక్కల్ని ఒక్కో గడిలో పెట్టుకుంది. ఒకరి ఫాంటుతో కొట్టింది ఇంకొకరి ఫాంటుతో చదవలేం.

అత్త: నీదాంట్లో ఏముంటుంది?

నేను: 'అమ్మ' అని కొట్టు. లోపల నాలుగు సంఖ్యలుంటాయి. 3077, 3118, 3149, 3118. అ, మ, పొల్లు, మ. ఫాంటు ఏదైనా, కంప్యూటరు ఏదైనా, ఫోనైనా, విజయవాడైనా అమెరికా అయినా అవే నాలుగు. ఫాంటు పోతే అందం పోతుంది గానీ అమ్మ పోదు. ఈ పద్ధతే యూనికోడ్. 1991లో దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గడులు కేటాయించారు.

అత్త: ఏ ఏడాదన్నావు?

నేను: 1991.

అత్త: నేను ఈ పనిలోకి వచ్చింది 1995లో. నాలుగేళ్ల ముందే ఉంటే నాకెవరూ ఎందుకు చెప్పలేదు? ఆ రోజు నేను యూనికోడ్‌లో కొడతానంటే ఏ సాఫ్ట్‌వేరులో కొట్టేదాన్ని?

నేను: అప్పట్లో లేదు.

అత్త: పేజ్‌మేకర్‌కు యూనికోడ్ వచ్చా?

నేను: చివరిదాకా రాలేదు.

అత్త: నువ్వు చెప్పే ఇన్‌డిజైన్‌కు?

నేను: 2012లో, సీఎస్6తో భారతీయ లిపులు వచ్చాయి.

అత్త: అంటే 1991 నుంచి 2012 దాకా ఇరవై ఒక్క ఏళ్లు. ఆ ఇరవై ఒక్క ఏళ్లలో ఈ ఊళ్లో అచ్చయిన పుస్తకాలన్నీ నాలాంటివాళ్లం కొట్టినవే. ట్రేసింగ్ పేపరు మీద ప్రింటు తీసి, ప్లేటుకు పంపి, తెల్లారేసరికి పుస్తకం చేతికిచ్చాం. అక్షరాలు లోపల ఎలా ఉండాలో ఎక్కడో నిర్ణయం చేసి, దానికి తగిన పనిముట్టు మాకివ్వకుండా, ఇప్పుడొచ్చి మీవన్నీ ముసుగులంటే ఎట్లారా?

ఆమె గొంతు పెంచలేదు. నాకు మాత్రం గట్టిగా తగిలింది. ఇది నేను ఏ సాంకేతిక చర్చలోనూ వినని మాట. డీటీపీ ఆపరేటర్లు మొండివాళ్లనీ, యూనికోడ్‌కు మారరనీ మా స్నేహితులం తేలిగ్గా అనేస్తుంటాం. పత్రికల సంగతీ అంతే. 2000ల దశకంలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు దించుకోమనేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింత వాడుకునేవాళ్లం. దాన్ని వాడగలిగిన మేం గర్వపడ్డాం తప్ప, అవతల గదుల్లో కూర్చుని ఆ అక్షరాలు కొట్టేవాళ్ల చేతికి ఏం ఇచ్చామని ఒక్కసారీ అడగలేదు.

నేను: తప్పు నీది కాదత్తా. కానీ నష్టం నీకే.

అత్త: ఏం నష్టం? రెండేళ్ల కిందట ఒక లెక్చరరు గారి మనవలు వచ్చారు. ఆయన ఛందస్సు మీద రాసిన పుస్తకం 1999లో నేనే కొట్టాను. ఆయన పోయారు, పుస్తకం కాపీ ఒక్కటే మిగిలింది, మళ్లీ వేయించాలన్నారు. ఫైలు ఇక్కడుంది. ఈ కంప్యూటరు ఉండబట్టి పది నిమిషాల్లో తెరుచుకుంది. దీన్ని నీ మాట విని 2014లోనే పాతసామాను వాడికి వేసి ఉంటే?

నేను: పోయేది. ఒప్పుకుంటాను. కానీ ఆ పుస్తకం తెరుచుకోవాలంటే ఏమేం ఉండాలో చూడు. ఈ డిస్కు, ఈ ఎక్స్‌పీ, ఈ పేజ్‌మేకర్, ఈ ఫాంటు, తెలుగు సాఫ్ట్‌వేరుకు తాళంగా వెనకాల ప్రింటరు పోర్టుకు తగిలించిన ఆ లాకు. అన్నీ ఒకేసారి బతికుండాలి. నిన్న రాత్రి నువ్వు పడుకున్నాక డిస్కు మొత్తాన్ని ఒక ఫైలుగా తీసుకున్నాను. నా దాంట్లో వర్చువల్‌బాక్స్ పెట్టి నీ ఎక్స్‌పీని అందులో నడిపాను. నడిచింది. పేజ్‌మేకర్ కూడా వచ్చింది. తెలుగు కీబోర్డు మాత్రం లాకు లేదని ఆగిపోయింది. కొత్త కంప్యూటరుకు అసలా పోర్టే ఉండదు. ఆ లాకు చెడిపోయిన రోజు?

అత్త: ఆ లాకు ఇచ్చిన కంపెనీ వాళ్లు ఫోను ఎత్తడం మానేసి చాలా ఏళ్లయింది.

నేను: మరి?

అత్త: మరి నీ సంగతి చెప్పు. తాతయ్య మాటలు రికార్డు చేశానన్నావు, పొలం కథలూ, ఉప్పెన నాటి కథా. అవెక్కడున్నాయి?

నేను జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. 2011లో ఫోన్లో రికార్డు చేసి, అప్పట్లో నాకు బాగా నచ్చిన ఒక సేవలో దాచుకున్నాను. రాతకు రాత, మాటకు మాట, అన్నీ ఒకే చోట ఉంటాయని అందరికీ చెప్పేవాణ్ని. కొన్నేళ్లకు ఆ సేవ మూసేశారు. మూసే ముందు మెయిలు పంపారట. ఆ మెయిలు వచ్చిన అకౌంటు నేను వాడడం మానేశాను. తాతయ్య గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు.

నేను: లేవు.

అత్త: దీంట్లో ఒక ముక్కైనా ఉండేది, నా దగ్గర పడేసి ఉంటే.

అంతే అంది. లేచి వెళ్లి రెండు కాఫీలు పట్టుకొచ్చింది. ఆ తర్వాత మా వాదన రూపు మారింది. పాతదా కొత్తదా అన్న మాట మళ్లీ మా మధ్య రాలేదు. నా తప్పేమిటో నాకు తెలిసిపోయింది. వస్తువు కొత్తది కాబట్టి అందులో పెట్టింది క్షేమమనుకున్నాను.

సాయంత్రం 1999 ఫోల్డరు తీశాం. ఛందస్సు పుస్తకాన్ని పేజ్‌మేకర్‌లోంచి టెక్స్ట్‌గా బయటికి రాబట్టాను. ఏ గుర్తు ఏ తెలుగు ముక్కో అత్త చెబుతుంటే పైథాన్‌లో పట్టిక రాసుకున్నాను. ఆమెకు తను తెలుగు కొట్టే యాపిల్ కీబోర్డు వరసలోని ప్రతి మీటా కళ్లు మూసుకున్నా తెలుసు. రాత్రి పదికి మొదటి పేజీ యూనికోడ్‌లోకి మారింది. సంతోషంగా ప్రింటు తీసి చేతికిచ్చాను. ఆమె ఎర్ర పెన్ను తీసింది.

అత్త: 'స్త్రీ' ఇలాగా రాసేది?

నేను: ఏమైంది?

అత్త: దీర్ఘం స మీదే పడి, వత్తులు విడిపోయాయి.

నేను: అర్థమైంది. నీ ఫాంటులో కంటికి కనబడే వరసలో కొడతావు. ముందు దీర్ఘంతో స, ఆ తర్వాత కింద వత్తులు. యూనికోడ్‌లో నోరు పలికే వరస. స, పొల్లు, త, పొల్లు, ర, అన్నీ అయ్యాక దీర్ఘం. నేను ముక్కకు ముక్క మార్చాను గానీ వరస మార్చలేదు.

అత్త: 'ప్ర' కూడా పోయింది. ఈ ఫాంటులో ర వత్తు ముందు కొట్టాలి, ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది కాబట్టి. ఇదిగో, ఇక్కడ 'ధర్మ' చూడు. లెక్చరరు గారికి వలపలగిలక అంటే ఇష్టం. పుస్తకమంతా గిలకే పెట్టమన్నారు. గిలక మ తర్వాత ఉందని నీ మిషను రకారాన్ని మ తర్వాతే పలికింది.

నేను: ఇది నాకెప్పటికీ తట్టేది కాదు. గిలక కనబడితే ఒక అక్షరం వెనక్కి వెళ్లాలని రాయాలి.

అత్త: అక్షరం కాదు, వత్తులతో సహా మొత్తం హల్లుల గుత్తి వెనక్కి. 'మర్త్య' అన్నప్పుడు త, య రెండూ దాటాలి.

నేను: మింట్‌లో కూడా యాపిల్ వరసతోనే యూనికోడ్ కొట్టుకునే ఏర్పాటు పెడతాను. చెయ్యి మార్చుకోవక్కర్లేదు.

అత్త: పెట్టు, చూస్తాను. శుభలేఖలు మాత్రం దీంట్లోనే. బ్యాటరీ తెచ్చావా?

నేను: తెచ్చాను. మారినవన్నీ మూడు చోట్ల పెడదాం. ఇక్కడొకటి, విడిగా ఒక డిస్కులో ఒకటి, మూడోది ఊరికి దూరంగా, నా క్లౌడులో.

అత్త: క్లౌడు వద్దు.

నేను: ఇంట్లో నీళ్లొస్తే రెండూ పోతాయత్తా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు చూశావుగా సింగ్‌నగర్ ఏమైందో.

అత్త: చూశాను. దూరంగా ఉండాలి, నిజమే. ఆ దూరం నీ ఇల్లు కావాలి. డిస్కు తీసుకెళ్లి హైదరాబాదులో నీ బీరువాలో పెట్టు. కాగితం మీద ఒక ప్రతి తీసి ఇక్కడ అటక మీద పెడతాను.

నేను: బీరువాలో పెట్టిన డిస్కును ఎవరూ తెరిచి చూడరు. పాడైనా తెలీదు.

అత్త: అయితే ప్రతి సంక్రాంతికీ పట్టుకురా. ఇద్దరం కూర్చుని తెరిచి చూద్దాం.

మూడో ప్రతి మీద మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు. ఆ రాత్రి అత్త మొదటి పేజీ మళ్లీ మొదట్నుంచి చదివి, ఎప్పటిలాగే అంచున తప్పులకు వరస నంబర్లు వేసింది. పదిహేడు తేలాయి. పెన్ను మూత పెట్టి కాగితం నా వైపు జరిపింది.

అత్త: ఈ పదిహేడూ నీ మిషనుకు నేర్పు. నేర్చుకున్నాక రెండో పేజీ ఇవ్వు, చూస్తాను.